కట్టడపు పనులలో స్త్రీలు: తట్ట మోయుటయేనా?

హైదరాబాదునకు పడమటి దెసను, విశాఖపట్టణపు కడలి యొడ్డునను, విజయవాడ గుంటూరుల నడుమ నేలపైని నేడు కట్టడములు లేచుచున్న తీరునకు చూచువారి కన్నులు చెదరుచున్నవి. ముప్పది, నలువది యంతస్తుల మేడలు సాధారణములైనవి. ఏ మేడలో గజము ధర యెంత, దానిలో ఈతకొలనులెన్ని, లిఫ్టులెన్ని యను సంగతులు దినదినమును ప్రకటనల రూపమున మన కంటబడుచునే యున్నవి. ఆ గోడలను లేపిన చేతు లెవరివో ఆ ప్రకటనలలో నుండదు. ఉండునని యెవ్వరును ఆశింపరు. అయితే ఆ చేతులలో ఆడువారి చేతులెన్ని, అవి యే పని చేసినవి, కొంతకాలము చేసి యెందుకు మానుకొన్నవి యను ప్రశ్నలకు దేశముయొక్క ఆర్థికస్థితితో గట్టి సంబంధము కలదు. వ్యవసాయము తరువాత మన దేశమున అధిక సంఖ్యాకులకు పని కల్పించు వృత్తులలో కట్టడపు పని మొదటి వరుసలోనిది. అట్టి వృత్తి స్త్రీలను ఎట్లు చూచుచున్నదో విచారించుట మన పాఠకులకు అనవసరము కాజాలదు. ఏలయన, వారిలో ఇల్లు కట్టింపనివారును, కట్టింపదలపనివారును అరుదు.

పాశ్చాత్య దేశములలో ఈ ప్రశ్న యొక విధముగా నున్నది, మన దేశమున మఱియొక విధముగా నున్నది. అమెరికాలో కట్టడపు వృత్తిలోని నూర్గురిలో స్త్రీలు ఇంచుమించు పదునొకండుగురు మాత్రమే. వారిలోను పెక్కండ్రు కార్యాలయములలో లెక్కలు వ్రాయువారు. గోడ కట్టుచోట, ఇనుము వంచుచోట స్త్రీ కనబడుట అక్కడ వింత. కనుక స్త్రీలను ఆ వృత్తిలోనికి రప్పించుట యెట్లాయని అక్కడివారు తలలు బద్దలు కొట్టుకొనుచున్నారు. పనిచేసిన స్త్రీలను మఱచుటయందు మాత్రము వారును మనకు తీసిపోలేదు. లండను నగరమున థేమ్సు నదిపైని వాటర్లూ వంతెనను రెండవ ప్రపంచ యుద్ధకాలమున కట్టినవారిలో వందలకొలది స్త్రీలుండిరి. 1945 లో ఆ వంతెనను తెరచిన మంత్రి హెర్బర్టు మారిసను తన యుపన్యాసమున వంతెన కట్టిన పురుషులనే కొనియాడెను. ఆ స్త్రీల పాత్ర అర్ధశతాబ్దికి పైగా పుస్తకములకెక్కలేదు. పడవవాండ్రు మాత్రము దానిని ఆడువారి వంతెనయని పిలుచుచు వచ్చిరి.

మన దేశములో స్త్రీ యీ వృత్తికి వెలుపల ఎన్నడును లేదు. పునాది త్రవ్వు దినము మొదలు సున్నము వేయు దినము వఱకు ఆమె అక్కడనే యున్నది. అయినను మొదటి మెట్టు దాటి రెండవ మెట్టు ఎక్కలేదు. తల్లి మోసిన తట్టనే కూతురును మోసినది. తాపీ పట్టినవాడు తండ్రి, ఆ తరువాత కొడుకు. మన ప్రశ్న స్త్రీలను లోనికి రప్పించుట గాదు. వచ్చినవారిని నిలుపుట, నిలిచినవారికి పనితనము నేర్పుట.

1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన మహాక్షామమున ప్రభుత్వమువారు కరవు పనులు పెట్టిరి. చెన్నపట్టణము గుండ పోవు కాలువ భాగము ఆ దినములలో త్రవ్వబడినదే. నాటి గవర్నరైన బకింగ్‌హాము ప్రభువు పేరు దానికి నిలిచినది. గడ్డపార పట్టి త్రవ్వినవాడు పురుషుడు. మట్టిని తట్టకెత్తి గట్టునకు చేర్చినది స్త్రీయు, పిల్లలును. సర్ రిచర్డు టెంపులు వచ్చి పురుషుని కూలిని దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా అని కుదించినప్పుడు, స్త్రీకి అంతకన్నను తక్కువ నిర్ణయించెను. త్రవ్వుట పెద్దపని, మోయుట చిన్నపని యను తారతమ్యము సర్కారు లెక్కలకెక్కి స్థిరపడినది. ఈ తారతమ్యము దొరలు పుట్టించినదని చెప్పుట న్యాయము కాదు. అది మన యిండ్లలోనే యుండెను. దానికి కాగితముపైని అంకె వేసి స్థిరపఱచినవారు మాత్రము వారు. ఆ కాగితములు చినిగిపోయి నూరేండ్లు దాటినవి. నేటికిని ఏ యూరనైనను తాపీమేస్త్రీకి ముట్టు కూలితో తట్ట మోయు స్త్రీ కూలిని పోల్చిచూచిన, తారతమ్యము ఎక్కడికిని పోలేదని తెలియును.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట కృష్ణానదిపై నాగార్జునసాగరము కట్టబడినది. 1955 డిసెంబరు 10 వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4 వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. రాతికట్టుతో కట్టిన యానకట్టలలో ప్రపంచమునందు మిక్కిలి పెద్దదని దానికి ఖ్యాతి. కాంక్రీటు పోయక రాతితో కట్టుటకు ముఖ్యకారణము, విదేశీయంత్రములపైని ధనము వెచ్చించుటకన్న మన జనులకు పని కల్పించుట మేలని తలచుట. 124 మీటర్ల యెత్తున నిలిచిన యా కట్టపైకి రాళ్లును, సున్నపు సిమెంటు కలిపిన గారయు తలలమీదను భుజములమీదను ఎక్కినవి. వెదురు సారువలపై వరుసలుగా నెక్కుచున్న స్త్రీల ఛాయాచిత్రములను చూచినవారు వానిని మఱవజాలరు. నల్లగొండ, గుంటూరు మండలముల మాగాణులు నేడు పండుచున్నవన్నచో ఆ తలలమీది బరువు దానికి కొంత కారణము. మన పాఠకులలో ఆ కాలువ క్రింద భూములున్నవారు కొందఱైన ఉందురు.

ఆ కట్టమీద పని చేసినవారిలో పాలమూరువారు పెక్కండ్రు. వానలు లేని ఆ మహబూబునగరు మండలమునుండి గుంపుమేస్త్రీ యనువాడు కుటుంబములకు ముందు సొమ్మిచ్చి, దూరదేశములలోని ఆనకట్టలకును, సొరంగములకును తోడ్కొనిపోవుట పరిపాటి యయ్యెను. దేశమున ఎక్కడ పెద్ద కట్టడము లేచినను అక్కడ పాలమూరి కూలి కనబడునని సామెతవలె చెప్పుకొనిరి. ఈ పద్ధతిలో సొమ్ము పుచ్చుకొనువాడు భర్త. అప్పు తీర్చుటకు పని చేయువారు భార్యాభర్తలిద్దఱు. మేస్త్రీ లెక్కలో వారిద్దఱు ఒక ‘జత’. జతకు ఇంత యని కూలి. అందులో ఆమె వంతెంత యని విడదీసి వ్రాయువాడు లేడు. వెట్టిని నిషేధించు చట్టము 1976 లోను, రాష్ట్రాంతర వలసకూలీల చట్టము 1979 లోను వచ్చినవి. చట్టములు వచ్చిన తరువాతను జత లెక్క మారలేదు. పనిచేసిన స్త్రీ పేరు పుస్తకమున లేనిచో ఆమె ప్రసవమైనను, ప్రమాదమున కాలు విఱిగినను, నష్టపరిహారము అడుగుటకు ఆధారమెక్కడిది? పేరు లేని మనిషి పనిని మానుకొన్నదో, మాన్పింపబడినదో కూడ తెలియదు.

విడదీసి వ్రాసినచోట నేమయ్యెనో 1982 నాటి ఒక తీర్పు చెప్పుచున్నది. ఆ యేట ఢిల్లీలో ఏషియా క్రీడలకై మైదానములు, మేడలు, వంతెనలు త్వరత్వరగా కట్టిరి. చట్టము ప్రకారము దినమునకు కనీసకూలి 9 రూపాయల 25 పైసలు. స్త్రీలకు ముట్టినది 7 రూపాయలు. మిగిలినది జమాదారులు మ్రింగిరి. సమాన పనికి సమాన కూలి యను చట్టము 1976 లోనే వచ్చియుండెను. ప్రజాస్వామిక హక్కుల సంఘమువారు తెచ్చిన యా వ్యాజ్యములో సుప్రీంకోర్టు న్యాయమూర్తి భగవతి, కనీసకూలికి తక్కువగా నిచ్చి పని చేయించుకొనుట వెట్టియేయని తీర్పు చెప్పెను. పని గుత్తకిచ్చినంత మాత్రమున, పని చేయించుకొను ప్రభుత్వముయొక్క బాధ్యత తీరదనియు చెప్పెను. ఈ రెండవ మాటను మన పాఠకులు ప్రత్యేకముగా గమనింపవలయును. గుత్తదారుని మీదికి నెట్టి ప్రభుత్వమే తప్పించుకొనరాదన్నచో, ఇల్లు కట్టించు గృహస్థుడు ‘అదంతయు మేస్త్రీ చూచుకొనును’ అని చెప్పుట యెంతవఱకు సమంజసము?

ఇక పనితనము మాట. తాపీపని యే పాఠశాలలోను నేర్చినది కాదు. ఊరిలో పదునాఱేండ్ల కుఱ్ఱవాడొకడు మేస్త్రీ వెంట చేరును. మొదట గార కలుపును, ఇటుకలు అందించును. మధ్యాహ్నము మేస్త్రీ అన్నము తినుచుండగా తాపీ చేత పట్టుకొని చూచును. మేస్త్రీ నవ్వి ఊరుకొనును. కొన్నాళ్లకు గోడమూలను తాను కట్టి, నడుమ వరుస వానికి వదలును. తూకపుగుండు పట్టుట, దారము లాగుట, మూలమట్టము పెట్టుట వచ్చును. మూడు నాలుగేండ్లలో వాడే యొక మేస్త్రీ యగును, కూలి రెట్టింపగును. ఇదే పనిలో ఇరువది యేండ్లు తట్ట మోసిన స్త్రీకి ఆ తాపీ యెవ్వరును ఇయ్యలేదు. గారలో ఇసుక పాళ్లు తప్పినచో చూపుతోనే చెప్పగల స్త్రీలున్నారు. ఇటుక తడిసినదా లేదా యనునది చేతితో తట్టి చెప్పుదురు. ఆ తెలివికి కూలి లేదు. తెలంగాణములో సుతారి యనబడు ఈ పనిలో మేస్త్రీ యను మాటకు స్త్రీలింగమే వాడుకలో లేదు. అది వ్యాకరణలోపము కాదు.

స్త్రీకి బలము చాలదని ఒక వాదము కలదు. దీనికి సమాధానము పనిజరుగుచోటికి పోయి ఒక్క గడియ నిలిచినచో దొరకును. తడికాంక్రీటు నింపిన యినుపబొచ్చె బరువెంత? తాపీ బరువెంత? మొదటిదానిని తలపైనెత్తుకొని దినమునకు వందమారులు మెట్లెక్కు మనిషి రెండవదానిని ఎత్తలేదనుట వినుటకే విడ్డూరము. ఎత్తులకెక్కిన కన్ను తిరుగునని మఱియొక వాదము. ఆమె యిప్పుడెక్కుచున్నది నిచ్చెనయేగదా. అదియు చేతులు రెండును తట్టకిచ్చి. అసలు సంగతి బలములో లేదు. తాపీ పట్టినవానికి క్రింద ఇద్దఱు ముగ్గురు పనివాండ్రు లోబడియుందురు. స్త్రీ తాపీ పట్టినచో ఆమె చెప్పినట్లు పురుషుడు గార కలుపవలసి వచ్చును. మేస్త్రీలు వెలికి చెప్పని యభ్యంతరము ఇదియేయని మా యభిప్రాయము.

ఈ సంగతిని ఇప్పుడే యెత్తుటకు ముఖ్యమైన కారణము ఒకటి కలదు. పూర్వము తట్ట మోయు పనియైనను నిశ్చయముగా నుండెను. నేడు కాంక్రీటు కర్మాగారమునుండి లారీలో కలిసి వచ్చుచున్నది; పంపు దానిని పదవ యంతస్తునకు గొట్టమున నెక్కించుచున్నది. మట్టిని పొక్లెయిను త్రవ్వి లారీలో పోయుచున్నది. ఇటుకలను క్రేను ఎత్తుచున్నది. నలువది యంతస్తుల మేడకు తట్టలతో పని లేదు. యంత్రమును మేము నిందింపము. మనిషి తలమీది బరువును దింపిన యంత్రము మంచిదే. అయితే బరువుతో పాటు కూలియు దిగిపోయినది. యంత్రము వచ్చినచోట పురుషులలో కొందఱు దానిని నడుపుట నేర్చిరి, కొందఱు ఇనుము వంచువారు, సెంటరింగు కొట్టువారు, పైపులు బిగించువారు, విద్యుత్తు తీగలు లాగువారు నైరి. తట్ట తప్ప మఱేమియు నేర్పబడని స్త్రీకి మిగిలినది ఊడ్చుట, గోడలకు నీరు పట్టుట. పెద్ద కట్టడములు ఆమెను మెల్లమెల్లగా వెలికి నెట్టుచున్నవి. చిన్న యిండ్లు మాత్రమే ఆమెకు దిక్కగుచున్నవి. నేర్పవలసిన పనిని నేర్పక ఇంకొక తరము గడపినచో, ఈ వృత్తిలో స్త్రీ యుండెనని ఛాయాచిత్రములు చూపి చెప్పుకొనవలసి వచ్చును.

మానుకొనుటకు రెండవ కారణము బిడ్డ. పెండ్లియైన మొదటి యేండ్లలోనే స్త్రీ భర్తతో కలిసి ఈ పనికి వచ్చును. బిడ్డ పుట్టిన పిమ్మట వానిని ఎక్కడ ఉంచవలయును? చెట్టుకు చీర ఉయ్యాల కట్టుట, ఇసుకకుప్పమీద కూర్చుండబెట్టుట, ఆరేండ్ల అక్కకు అప్పగించుట. ఆ యక్క చదువు ఆ నాటితో సరి. ఇసుకకుప్పల ప్రక్కన నీటితొట్టెలుండును, తెరచియున్న లిఫ్టు గుంతలుండును. లారీలు వెనుకకు నడచుచుండును. 1969 లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శనకై కట్టడములు లేచుచుండగా, ఎండలో మట్టిలో పడియున్న పిల్లలను చూచి మీరా మహాదేవన్ అను నామె ఒక గుడారమున వారిని చేర్చి పాలు, పాఠములు ఏర్పాటు చేసెను. మొబైల్ క్రెషెస్ అను సంస్థ యట్లు పుట్టినది. కట్టడమెక్కడికి కదలిన గుడారమును అక్కడికి కదలును. కట్టడము ముగియగానే కూలీలు లేచిపోవుదురు గనుక ఒకచోట పాతుకొన్న బడి వారికి ఉపయోగింపదని కనుగొనుట ఆమెయొక్క తెలివి.

చట్టమును ఊరుకొనలేదు. 1996 నాటి కట్టడపు కార్మికుల చట్టము, ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయుచోట ఆరేండ్ల లోపు పిల్లలకు గది నేర్పఱుపవలయునని చెప్పెను. దీని ఫలితము చిత్రమైనది. ఏబదియొక్క స్త్రీలను పెట్టుకొన్నచో గది కట్టవలయును, నలువదితొమ్మండుగురైనచో అక్కఱలేదు. గుత్తదారు లెక్కలు తెలిసినవాడు. 2020 లో చేసి 2025 నవంబరు 21 వ తేదీన అమలులోనికి తెచ్చిన క్రొత్త కార్మికస్మృతులు, స్త్రీలను గాక మొత్తము పనివారిని లెక్కించి ఏబది యను సంఖ్య పెట్టినవి. స్త్రీని పెట్టుకొనుటయే ఖర్చుగా భావించు దుర్బుద్ధికి ఇది కొంత అడ్డుకట్ట. ప్రసవసమయమున ఇరువదియాఱు వారముల సెలవు 2017 నుండి చట్టములో నున్నది. కాని ఎనుబది దినములు ఒకే యజమాని క్రింద పనిచేసినట్లు రుజువు కావలెను. అడ్డాలో నిలిచి నేడొకరికి ఱేపొకరికి పనిచేయు స్త్రీ యే యజమానిని చూపగలదు? మరుగుదొడ్డి మాట వ్రాయుటకు సంకోచించుచున్నాము గాని వ్రాయక తప్పదు. అది లేనిచోట స్త్రీలు ప్రొద్దుననుండి నీరు త్రాగక పనిచేయుదురు. మండువేసవిలో నీరు త్రాగని మనిషి యెన్నేండ్లు ఈ పనిలో నిలుచును?

నేర్పినచో నేర్వగలరనుటకు దృష్టాంతములు దూరమున వెదకనక్కఱలేదు. ఝార్ఖండు రాష్ట్రమున పల్లెలలో మరుగుదొడ్లు విరివిగా కట్టించిన దినములలో మేస్త్రీలు చాలక స్త్రీలకు తాపీపని నేర్పిరి. అక్కడ తాపీమేస్త్రీని రాజమిస్త్రీ యందురు గనుక వీరు రాణీమిస్త్రీలైరి. పురుషులు పట్టణములకు పోవుటచేత ఊరిలో మిగిలినవారు స్త్రీలే. అవసరము తలుపు తెరచినది. కేరళమున కుటుంబశ్రీ సంఘముల స్త్రీలు గుంపులుగా చేరి తాపీ, వడ్రంగము నేర్చి, బీదల యిండ్లను పునాదినుండి కప్పువఱకు తామే కట్టిరి. అహమ్మదాబాదులో ఇలా భట్టు 1972 లో స్థాపించిన ‘సేవా’ సంఘము కట్టడపు స్త్రీలకు ప్రత్యేకముగా పాఠశాల నడపినది. అయితే ఈ ప్రయత్నములన్నిటను ఒకే చిక్కు ఎదురైనది. మూడు నెలలు నేర్చి పత్రము పుచ్చుకొన్న స్త్రీ మఱునాడు అడ్డాకు పోయి నిలిచిన, గుత్తదారు ఆమె చేతికి మఱల తట్టయే యిచ్చెను. ఝార్ఖండములోను కేరళములోను నిలద్రొక్కుకొన్నవారు గుంపుగా పని గుత్తకు పుచ్చుకొన్నవారు, ప్రభుత్వపు పని నేరుగా దొరికినవారు. ఒంటరిగా పోయినవారిలో పెక్కండ్రు వెనుకకు వచ్చిరి. శిక్షణాలయములు తెరచుటతో పని ముగిసినదనుకొను మంత్రులు ఈ సంగతి గమనింతురు గాక.

ఇచ్చట చదువుకొన్న స్త్రీల మాటయు చెప్పవలెను. మన తెలుగింటి యాడపడుచు అయ్యలసోమయాజుల లలిత పదునెనిమిదేండ్లకే వైధవ్యము పొంది, నెలల పసిబిడ్డతో పుట్టింటికి చేరెను. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు చెన్నపట్టణము గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడు. పురుషులు మాత్రమే చదువుచున్న ఆ కళాశాలలో ప్రిన్సిపాలు చాకోగారి యనుమతితో చేరి, విద్యుత్ శాస్త్రమున 1943 లో పట్టము పొంది, భారతదేశమున మొదటి స్త్రీ ఇంజనీరుగా లెక్కకెక్కెను. భాక్రా నంగలు ఆనకట్ట విద్యుత్ పనులలో ఆమె చేయి యున్నది. ఆమె తరువాత అదే కళాశాలలో కట్టడపు శాస్త్రము చదివిన పి. కె. త్రేసియా, కేరళమున మరామత్తుశాఖకు చీఫ్ ఇంజనీరైనది. ప్రకాశము జిల్లా పల్లెలో పుట్టి కాకినాడలోను వరంగల్లులోను చదివిన ఆచార్య మాధవీలత, 2025 జూనులో ప్రారంభమైన చీనాబు రైలువంతెనకు పదునేడేండ్లు కొండరాతి నిలుకడను గూర్చి సలహాలిచ్చినది. నదికి 359 మీటర్ల యెత్తున రైలు నడచుచున్న యా వంతెన వార్త మన పత్రికలన్నిటను వచ్చినది. తనను ఒక్కతెనే పొగడవద్దనియు, వేలమందిలో తానొకతెననియు ఆమె చెప్పుకొనెను. లలితమ్మగారికి తలుపు తెరచినది ఆమె ప్రతిభ యొక్కటియే కాదు. లోపల నిలిచి తెరచినవారు తండ్రియు, ప్రిన్సిపాలును. తట్ట మోయు స్త్రీకి అట్టి తండ్రి మేస్త్రీయే, అట్టి ప్రిన్సిపాలు ఇల్లు కట్టించువాడే.

మన మర్యాదలకిది పొసగునా యని సందేహించు పెద్దలు లేకపోలేదు. స్త్రీలు పురుషుల నడుమ పనిచేయుట క్షేమము కాదని వారి భయము. ఆ భయము నిర్హేతుకము కాదు. గుత్తదారులును, వారి గుమాస్తాలును చేయు ఆగడములు వినినవే. 2013 నాటి చట్టము ప్రకారము ప్రతి జిల్లాలోను ఫిర్యాదులు వినుటకు ఒక సమితి యుండవలయును. ఇంటిపనివారును, కూలివారును అక్కడికి పోవచ్చును. ఆ సమితి యెక్కడ కూర్చుండునో ఎందఱు కూలి స్త్రీలకు తెలియును? అయినను ఈ భయమును తట్ట మోయునప్పుడు మఱచి, తాపీ పట్టునప్పుడు మాత్రము జ్ఞాపకము తెచ్చుకొనుట చూచిన మాకు నవ్వు వచ్చుచున్నది. గుంపులో ఒక్కతెగా నున్న స్త్రీకన్న నలుగురు కలిసి పనిచేయు స్త్రీలకు భద్రత యెక్కువ. కూలి తన చేతికి వచ్చు స్త్రీకి మఱింత యెక్కువ.

కట్టడపు వెచ్చములో నూటికి ఒక రూపాయి సెస్సుగా వసూలగుచున్నది. కూలీల ప్రసవములకు, ప్రమాదములకు, బిడ్డల చదువులకు అది ఖర్చు కావలయును. వేలకొలది కోట్ల రూపాయలు ఖర్చుగాక నిలువయున్నవని 2018 లో సుప్రీంకోర్టు రాష్ట్రములను మందలించెను. ఆ ధనము ముట్టవలెనన్న నమోదు కావలెను. నమోదు కావలెనన్న గడచిన పండ్రెండు నెలలలో తొంబది దినములు పనిచేసియుండవలెను. 1996 చట్టము నడచిన కాలమున ఇందులకు కట్టించినవారి సంతకమో, సంఘమువారి సంతకమో అవసరమగుచుండెను. కాగితము తెచ్చిన కూలిదానికి సంతకము చేయుటకు మన గృహస్థులు జంకిరి. దానివలన ఏ వ్యాజ్యము మీదబడునోయని. మేస్త్రీకి మాత్రము అడిగినవన్నియు చేసిరి.

క్రొత్త స్మృతిలో, ఒకడు తన నివాసమునకై ఏబది లక్షల రూపాయలకు మించని వెచ్చముతో కట్టుకొను ఇల్లు కట్టడపు పనియను నిర్వచనమునకే వెలుపల నున్నది. పల్లెలలోను చిన్న పట్టణములలోను మనము కట్టించు ఇండ్లు హెచ్చుభాగము అట్టివే. పైని చెప్పినట్లు స్త్రీలకు మిగిలినవియు ఆ యిండ్లే. అక్కడికి ఇన్‌స్పెక్టరు రాడు, సెస్సు గుమాస్తా రాడు. అక్కడ చట్టమెంత యున్నదో గృహస్థుని మాటయు అంతే యున్నది. కనుక బేరమాడు దినముననే మేస్త్రీతో రెండు మూడు సంగతులు తేల్చుకొనవలసియున్నది. జతకు ఇంత యను లెక్క వలదని, స్త్రీ కూలి ఆమె చేతికో ఆమె బ్యాంకు ఖాతాకో నేరుగా చేరవలెనని చెప్పవచ్చును. పునాది త్రవ్వుటకు ముందే ఒక మూల నాలుగు రేకులతో మరుగుదొడ్డి వేయించవచ్చును. ఇల్లు పూర్తియైన పిదప ఆ గుంత ఎట్లును మనకే పనికివచ్చును. పనిలోనున్న స్త్రీలలో ఇద్దఱికి తాపీ నేర్పవలెనని షరతు పెట్టవచ్చును.

నేర్పుటకు ప్రహరీగోడ మంచి చోటు. ఎత్తు తక్కువ, మీద బరువు లేదు, తప్పు జరిగిన దిద్దుట సులభము. గోడ వంకరపోయిన నష్టమెవరు భరింతురని మేస్త్రీ తప్పక అడుగును. ఆ నష్టమును ఇంటివాడే భరించుట న్యాయము. మూడు వరుసలు విప్పి మఱల పేర్చుటకగు ఖర్చు, ఆ గోడకు మనము బిగింపనున్న గేటుపైని ఇత్తడి పువ్వుల వెలకన్న తక్కువ.